సామ్యేలు కాక కోసం: గోదావరిఖని నుంచి విశాఖకు

సామ్యేలు కాకా, మా బాపూ ఇరవై రెండేళ్లు ఒకే షిఫ్టులో బొగ్గు బాయి దిగారు. రిటైరయ్యాక కాక విశాఖపట్నంలో కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ మధ్య ఒక మంగళవారం రాత్రి ఆయన బాపుకు ఫోన్ చేశాడు. "మల్లిగా, ఎల్లుండి పొద్దుగాల కంటి ఆపరేషన్. ఒక కన్ను ఎప్పుడో పాయె. దీనికి గూడ డాక్టర్లు భరోసా ఇస్తలేరు. రేపు నాలుగింటికి దవాఖానకు పోవాలె. అంతకుముందు ఒక్కసారి నీ మొఖం చూడాలనున్నదిరా." రైల్లో వెళ్తే అందుకోలేం. ఎన్నడూ విమానం ఎక్కని బాపు నా వైపు తిరిగి, "బిడ్డా, ఇమానం ఎంతసేపట్ల పోతది?" అని అడిగాడు.

హైదరాబాద్ నుంచి విశాఖకు ఆకాశమార్గాన సుమారు ఐదు వందల కిలోమీటర్లు, గంటంబావు ప్రయాణం. కానీ గోదావరిఖని నుంచి శంషాబాద్ విమానాశ్రయం చేరడానికే ఐదు గంటలు దాటుతుంది. మర్నాడు ఉదయం ఐదింటికి అద్దె కారులో బయలుదేరాం. టోల్‌తో కలిపి ఐదున్నర వేలు, విమానం టికెట్ మనిషికి నాలుగున్నర వేలు. సిద్దిపేట దగ్గర ఇడ్లీ తిందామని ఆగితే బాపు కారు దిగలేదు. "ఇంత తిను కాకా, పదిన్నర లోపల దింపుత" అన్నాడు డ్రైవర్ శంకర్. "నాకు ఆకలైతలేదు తమ్మీ. మీరు తినుర్రి, జల్ది పోదాం" అన్నాడు బాపు.

పదీ ఇరవైకే చేరాం. అయితే పన్నెండూ ముప్పావు విమానం నలభై నిమిషాలు ఆలస్యమైంది. బాపు కూర్చోకుండా బోర్డు ముందే నిలబడ్డాడు. "నాలుగింటికి వాడు పోతడు బిడ్డా" అని రెండుసార్లన్నాడు. ఆయన చేయి పట్టుకున్నాను. విమానం గాల్లోకి లేచాక గంటంబావు పడుతుందని ఎయిర్‌హోస్టెస్ చెబితే, "బాయి దిగి పనికాడికి నడిచేటందుకే మాకు గంట పట్టేది తల్లీ. వాడు ముందు, నేను ఎనుక" అన్నాడు.

రెండూ నలభైకి దిగి, టాక్సీలో మూడున్నరకు ఇల్లు చేరాం. కాక సంచి పట్టుకుని గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. బాపు మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, కంటికి బాగా దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"సన్నగైనవ్‌రా. జర నవ్వు, యాదుంచుకుంట."

బాపు నవ్వబోయాడు. కన్నీళ్లొచ్చాయి.

"సరే తియ్యి. గిట్లనే యాదుంచుకుంట" అన్నాడు కాక, తన అరచేత్తో ఆ కన్నీళ్లు తుడుస్తూ.

ఆపరేషన్ అయింది. కాకకు వెలుతురు తెలుస్తోంది, మొహాలు ఇంకా ఆనడం లేదు. బాపు తిరుగు టికెట్ వద్దన్నాడు, నేనొక్కదాన్నే వచ్చాను. ఇప్పుడు రోజూ ఉదయం కాకకు పేపరు చదివి వినిపించేది ఆయనే. ఆ అరగంట కోసం అంత దూరం వెళ్లామా అని ఎవరైనా అడిగితే, అవును, దానికే వెళ్లామని చెబుతాను. మన బొగ్గు ప్రాంతం నుంచి వెళ్లేవాళ్లకు ఒక్క మాట: టికెట్ మీది సమయం కాదు, గడప నుంచి గడప దాకా లెక్కేసుకోండి. మాకు పదిన్నర గంటలు పట్టింది. అవతల మీకోసం ఎవరైనా ఎదురుచూస్తుంటే ఇంకో గంట ముందే బయలుదేరండి.