నేను మూయని పోర్టు

ఆ రోజుల్లో ఆరు నెలల కంప్యూటరు కోర్సు చదివినవాడికి ఊళ్లో దొరికే గౌరవం, వాడి బుర్రలో ఉన్నదానికంటే చాలా ఎక్కువ. రెండు వేల నాలుగైదు ప్రాంతంలో నందికొట్కూరులోని ఒక చిన్న కంటి ఆసుపత్రి నన్ను అలాగే నమ్మింది. ఉన్నవి మూడే కంప్యూటర్లు (నా గర్వం ముప్పైకి సరిపోయేది). చీట్ల కిటికీ దగ్గర ఒకటి, పరీక్షల గదిలో ఒకటి, ఆపరేషన్ గది బయట ఒకటి. కిటికీలో కూర్చునే ఆమెను అందరూ చీట్లక్క అనేవాళ్లు. ఆదివారం చర్చిలో పాడే గొంతుతోనే వారమంతా రోగులను పేరుపెట్టి పిలిచేది.

కంప్యూటర్లో పోర్టులనే అంకెలు వేసిన తలుపులుంటాయని, ఒక్కోదాని వెనుక ఒక్కో ప్రోగ్రాము పిలుపు కోసం చెవులు రిక్కించి కూర్చుంటుందని, దొంగలు వాటిగుండానే వస్తారని ఒక పత్రికలో చదివాను. ఇంకేం, తెరిచి ఉన్న పోర్టుల జాబితా అచ్చు తీశాను. ఏ ప్రోగ్రాము ఎవరి పిలుపు కోసం కూర్చుందో కనుక్కునే ఓపిక లేదు. ఒక్కొక్కటే మూసి, అంకె మీద గీత కొట్టుకుంటూ పోయాను. మరునాడు శుక్లాల ఆపరేషన్లు.

తెల్లవారేసరికి బెంచీల నిండా కంట్లో చుక్కలు వేయించుకున్న ముసలివాళ్లు. పరీక్షల గది నుంచి ఆపరేషన్ గదికి ఒక్క కొలతా రావడం లేదు. మూసినవాటిని మళ్లీ ఎలా తెరవాలో నాకు తెలియదు. కంటి కొలత తెలియనిదే డాక్టరుగారు లెన్సు పెట్టరు. మధ్యాహ్నం దాటితే ఆయన కర్నూలుకు వెళ్లిపోతారు. మిగిలినవాళ్లకు మళ్లీ వచ్చే నెలే. ఏమైందని ఆయన అడిగితే, "చీట్లక్క ఏదో నొక్కినట్టుంది సార్" అన్నాను. (ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.)

కిటికీలోంచి అది విన్న చీట్లక్క లేచింది. పరీక్షల గదిలోకి వెళ్లి, ఒక్కొక్కరి కొలత చీటీ మీద రాసి, రెండోసారి సరిచూసి, వాళ్ల భుజం మీది బట్టకు పిన్నుతో గుచ్చి, చెయ్యి పట్టుకుని ఆపరేషన్ గది దాకా నడిపించింది. "జాగర్త తాతా, నీ కన్ను ఈ చీటీలోనే ఉండాది" అంటే, ఆ తాత "అట్లయితే దీన్నే కోయమని చెప్పమ్మా" అన్నాడు. మధ్యాహ్నంలోపు ఒక్కరూ మిగలలేదు.

అప్పుడొచ్చింది నా దగ్గరికి. "ఏమప్పా, ఏం చేసినావో చూపించు."

"దొంగలొస్తారని అన్నీ మూసినానక్కా" అని కాగితం ఇచ్చాను.

"నేనూ పొద్దుగూకులూ కిటికీ తెరుచుకోనే కూచుంటా. వచ్చినోళ్లందరికీ పలుకుతా. లోపలికి ఎవుర్ని పంపాల్నో నాకు తెలుసు. కిటికీ మూస్తే దొంగా రాడు, రోగీ రాడు." ఆమె వేలు గీత లేని అంకె దగ్గర ఆగింది. "మరి ఇది మూయలేదే?"

అది ఇంటర్నెట్ నుంచి పాటలు దించుకోవడానికి నేను పెట్టుకున్న ప్రోగ్రాముది. మిగతావన్నీ ఆ మూడు కంప్యూటర్లూ తమలో తాము మాట్లాడుకోవడానికే. ఊరూ పేరూ తెలియని ప్రపంచానికంతా పలుకుతున్నది అదొక్కటే.

"పాటలకు తెరిచిపెట్టి, కండ్లకు మూసినావా నాయనా" అంది చీట్లక్క. నవ్వలేదు, తిట్టలేదు.

డాక్టరుగారు కర్నూలుకు బయలుదేరేలోపు ఆయన దగ్గర ఒప్పుకున్నాను. ఆమె అప్పటికే చెప్పి ఉంటుందనుకున్నాను. చెప్పనే లేదు.

ఇప్పుడు నా కింద కొత్తగా చేరినవాళ్లు జాబితా తెచ్చి "మూసేద్దామా సార్" అంటే, ఎవరు వింటున్నారో, ఎవరికి పలుకుతున్నారో కనుక్కుని రమ్మంటాను. వాళ్లు వెళ్లాక, అందులో నేను తెరిచింది ఏదైనా ఉందేమోనని మెల్లగా వెతుక్కుంటాను. ఒక్కోసారి దొరుకుతుంది కూడా.