ముందుగా పెట్టిన కృతజ్ఞత కూడిక

నా చిన్నప్పుడు బంగారు గనులున్న కేజీఎఫ్‌లో మా గని కార్మికుల ఇళ్ల వరసల్లో, అంటే లైన్లలో, ఒకావిడ, దేవుడు ఇంకా ఇవ్వని దానికి ఏటేటా అందరినీ పిలిచి కృతజ్ఞత కూడిక పెట్టేది. ఆవిడ ఎవరో కాదు, మా అవ్వే, మా అమ్మకు అమ్మ. నేను పుట్టిన దగ్గరనుంచి పెళ్లయ్యేదాకా ఆ ఇంట్లోనే పెరిగాను కాబట్టి ఇది ఒకరు చెప్పగా విన్న సంగతి కాదు.

కృతజ్ఞత కూడిక అంటే ఏమిటో తెలియనివాళ్లకు చెప్పాలి. మా క్రైస్తవుల ఇళ్లలో ఏదైనా మేలు జరిగితే, అంటే జబ్బు నయమైనా, బిడ్డ పుట్టినా, ఉద్యోగం దొరికినా, అయ్యగారిని, అంటే పాస్టరును, సంఘంవాళ్లను ఇంటికి పిలుస్తారు. పాటలు పాడి, ప్రార్థన చేసి, జరిగిన మేలు ఏమిటో ఇంటివాళ్లు నలుగురి ముందు నిలబడి సాక్ష్యం చెప్పి, ఆ తర్వాత భోజనాలు పెడతారు. మేలు ముందు, కూడిక వెనక. అందరిళ్లలోనూ ఇదే వరస. మా అవ్వ ఒక్కతే ఆ వరసను తిరగేసింది.

మా తాత గని కార్మికుడు. ఒకప్పుడు మందిరంలో పాట ఎత్తుకునేది ఆయనే. ఆయన గొంతు వినే పక్క లైన్లలో హిందువులు కూడా ఆ రోజు ఆదివారమని గుర్తుపట్టేవాళ్లని అమ్మ చెప్పేది. నాకు ఊహ తెలియకముందే ఆ గొంతు ఆగిపోయింది. మా గనులు చాలా లోతు. అంత లోతులో ఒత్తిడికి ఒక్కోసారి రాయి దానంతటదే పేలేది. అలా పేలితే పైన మా ఇళ్లలో అటక మీది గిన్నెలు గలగలమనేవి. ఆ చప్పుడు వినగానే ఆడవాళ్లు చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి గనిలోకి దిగే షాఫ్టు దగ్గరికి పరిగెత్తేవాళ్లు. అలాంటి ఒక రోజున తాత, ఆయనతో కలిసి పని చేసే కామసముద్రం ఊరి ఆయన, ఇద్దరూ రాళ్ల కింద చిక్కుకున్నారు. పక్క పక్కనే ఉన్నారు గానీ కదలడానికి లేదు. ఆ కామసముద్రం ఆయన హిందువు. భయపడిపోతున్నాడని తాత ఆయనకు ధైర్యం చెబుతూ ఉన్నాడట. మా దేవుడు మాట తప్పడు, మనిద్దరినీ పైకి తీసుకుపోతాడు అని, మనుషులు వచ్చి రాళ్లు తొలగించేదాకా చెబుతూనే ఉన్నాడట. వాళ్లు వచ్చి చూస్తే తాత బతికి ఉన్నాడు. పక్కనున్న ఆయన లేడు.

ఆస్పత్రి నుంచి వచ్చాక తాత మళ్లీ మందిరం గడప తొక్కలేదు. ఇంట్లో మేమంతా ప్రార్థనకు మోకరిస్తే లేచి బయటికి పోయి బీడీ ముట్టించుకునేవాడు. అయ్యగార్లు వచ్చి అడిగారు, సంఘపెద్దలు వచ్చి అడిగారు. ఎవరికైనా ఆయన జవాబు ఒక్కటే, రాను. కారణం ఏమిటన్నది మాత్రం అవ్వకు ఒక్కసారి చెప్పాడు. “దేవుని పేరు చెప్పి మనిషికి మాటిచ్చినాను. ఆ మాట పోయింది. ఇంగ ఏం మొగం పెట్టుకొని పోయేది?”

అవ్వ దీనికి ఎదురు చెప్పలేదు. చెప్పడానికి ఏముందని? కానీ తాత ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో ఒక ఆదివారం మందిరంలో వాక్యం చదువుతుండగా, తప్పిపోయిన గొర్రెను తానే వెతికి తెచ్చుకుంటానని దేవుడు చెప్పిన మాట అవ్వ చెవిన పడింది. ఎన్నోసార్లు విన్న మాటే. ఆ రోజు మాత్రం అది తన ఇంటికే వచ్చిన మాట అనుకుంది. అది వాగ్దానం అని పట్టుకుంది, పట్టుకుంటే మా అవ్వ పట్టు ఉడుంపట్టు. రెండేళ్లు చూసింది. తాత కదల్లేదు. మూడో ఏట ఇంటింటికీ పోయి, మా ఇంటాయన మందిరానికి తిరిగి వచ్చినందుకు కృతజ్ఞత కూడిక పెట్టుకున్నాం, అందరూ రండి అని పిలిచింది. వచ్చాడా, ఎప్పుడు వచ్చాడు అని జనం సంతోషంగా అడిగితే, వస్తాడు, భోజనానికి మీరైతే రండి అన్నదట.

అప్పటినుంచి ఏటా క్రిస్మస్ ముందర ఒక శనివారం ఆ కూడిక జరిగేది. దాని కోసం అవ్వ ఏడాది పొడుగునా కోళ్లు పెంచేది. వాటికి వీధిలో వాగ్దానం కోళ్లు అని పేరు. పిల్లలు కూడా, వాగ్దానం కోడి మా పెరట్లోకి వచ్చిందని తరిమేవాళ్లు. కొళాయి దగ్గర ఆడవాళ్లు, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని నవ్వుకునేవాళ్లు. అవ్వ వాళ్లతోపాటు తానూ నవ్వి, బిందె నెత్తికెత్తుకుని వచ్చేసేది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయేది.

ఇందులో విచిత్రం తాతది. ఆ కూడిక వంటలో సగం పని ఆయనదే. కట్టెలు కొట్టేది, కోళ్లు కోసేది, పెద్ద గుండిగలో అన్నం వండేది అన్నీ ఆయనే. దేవుడితో ఉన్న తగువు పొయ్యి దాకా రానిచ్చేవాడు కాదు. వీధి చివర అయ్యగారి సైకిలు గంట వినిపించగానే మాత్రం తుండు భుజాన వేసుకుని పెరటి దారిన బయటపడేవాడు. గనిలోంచి తెచ్చిన రాయిని పొడి చేసి, సైనైడ్ కలిపి బంగారం తీసుకున్నాక మిగిలిన మన్ను మా ఊళ్లో కొండంత దిబ్బలుగా పోసి ఉండేది. ఆ సైనైడ్ దిబ్బ కింద పోయి కూర్చునేవాడు. అందరూ తిని వెళ్లాక వచ్చేవాడు. అవ్వ విస్తరి వేసి వడ్డించేది. ఎక్కడికి పోయావని ఆమె అడిగేది కాదు, ఆయన చెప్పేవాడు కాదు.

నాకు పదేళ్లప్పుడు జరిగిన కూడిక గురించి చెప్పాలని ఇదంతా చెబుతున్నాను. ఆ ఏటికి నాకు సండేస్కూల్లో అబద్ధ సాక్ష్యం పాపమని నేర్పారు. నేను అసలే నోరున్న పిల్లను. ఆ శనివారం పొద్దున పెరట్లో అవ్వ కోడి ఈకలు పీకుతుంటే ఎదురుగా కూర్చుని నిలదీశాను. తాత రాకుండానే వచ్చాడని దేవుడి ముందు చెప్పడం అబద్ధం కాదా, దేవుడికి కోపం రాదా అని. అవ్వ తిట్టలేదు. చాలాసేపు ఈకలు పీకుతూనే ఉంది. తర్వాత తల ఎత్తకుండానే, ఆ ఏడు తనకూ చేయబుద్ధి కాలేదని చెప్పింది. రాత్రంతా వద్దులే అనుకున్నదట, తెల్లారి లేచి కోళ్ల గంప ఎత్తేటప్పుడు కూడా వద్దులే అనుకున్నదట.

“నమ్మకం ఉండి చేస్తాండానని అనుకోవద్దమ్మా. ఒగోసారి చేసినాకనే అది వస్తాది.”

పెద్దవాళ్లకు కూడా అనుమానం ఉంటుందని నేను మొదటిసారి విన్నది ఆ మాటతోనే. అవ్వ అంటే అనుమానం లేని మనిషి అనుకునేదాన్ని. కళ్లలో నీళ్లు పెట్టుకుని కూడా ఆమె చేతిలో పని ఆపలేదు. అప్పుడు నాకు ఆమె మీద ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను. కానీ అడిగిన దానికి జవాబు దొరకలేదన్న పట్టుదల కూడా పోలేదు.

ముందురోజు కురిసిన వానకు కట్టెలు తడిసి ఉన్నాయి. పొయ్యి సరిగ్గా మండక అన్నం ఆలస్యమైంది. అయ్యగారేమో చెప్పిన వేళకన్నా ముందే వచ్చేశారు. ఆ ఏడే మా సంఘానికి కొత్తగా వచ్చిన ఆయన, వయసులో చిన్నవారు, మంచివారు. సైకిలు గంట విని తాత తుండు అందుకున్నాడు గానీ, గుండిగ అప్పుడే పొంగుకొస్తోంది. సగం ఉడికిన అన్నాన్ని వదిలి పోయే మనిషి కాదు ఆయన. పెరట్లోనే ఉండిపోయాడు. ముందు గదిలో మేమంతా, వెనక పొయ్యి దగ్గర తాత, మధ్యలో ఒక తడిక. ఆయన పెరట్లో ఉన్నట్టు అయ్యగారికి తెలియదు.

పాటలు అయ్యాయి. అవ్వ లేచి ఎప్పటి సాక్ష్యమే చెప్పింది, మా ఇంటాయన్ని తిరిగి నీ మందిరానికి తెచ్చుకున్నందుకు స్తోత్రం తండ్రీ అని. అలవాటైన వాళ్లు నవ్వు కనబడకుండా తలలు దించుకున్నారు. కొత్త అయ్యగారికి మాత్రం అది మింగుడుపడలేదు. ఆయన ఎగతాళిగా కాదు, నిజంగా బాధపడుతూనే అడిగారు. జరగని దాన్ని జరిగిందని చెబితే అది సాక్ష్యం ఎలా అవుతుందమ్మా, రేపు అది జరగకపోతే ఈ బిడ్డలు దేవుడే మాట తప్పాడని అనుకోరా అని. బిడ్డలు అన్నప్పుడు ఆయన నా వైపే చూశారు. నా ప్రశ్నే ఆయన నోట వచ్చింది. అవ్వ ఓడిపోతుందేమోనని భయం వేసింది. అంతవరకూ ఆమెతో వాదించిన దాన్ని, ఆ క్షణం ఆమె గెలవాలని కోరుకున్నాను.

అవ్వ మెల్లగా చెప్పింది.

“అయ్యగారూ, ఈయన గనిలో దిగినన్నాళ్లూ షిఫ్టు ముగియకముందే నేను ఎసరు పెట్టేదాన్ని. ఈడ కూర్చున్న ఆడోళ్లంతా అంతే. మొగోడు భూమి కింద ఉండంగానే పైన అన్నం ఉడకతా ఉంటాది. పైకి వచ్చినాడని తెలిసినాక పొయ్యి ముట్టించే ఆడది ఈ లైన్లలో యాడన్నా ఉండాదా? అది అబద్ధమని ఎవురూ అనలేదే.”

గదిలో ఎవరూ నవ్వలేదు. వండిన అన్నం వండినట్టే మిగిలిపోయిన రోజును చూసిన ఆడవాళ్లు కూడా ఆ చాపల మీద ఇద్దరు ముగ్గురు ఉన్నారు. అవ్వకు అది తెలుసు. తెలిసే ఆ మాట అన్నది. ఎసరు పెట్టినంత మాత్రాన మనిషి పైకి వచ్చి తీరతాడని ఆమె అనలేదు. పెట్టకుండా మాత్రం ఎవరూ ఉండరని అన్నది. ఇది నాకు ఆ వయసులో ఇంత వివరంగా అర్థం కాలేదు. ఆ ఆడవాళ్లు కొంగుతో కళ్లు ఒత్తుకోవడం మాత్రం చూశాను.

అప్పుడు తడిక పక్కకు జరిగింది. తాత గుమ్మంలో నిలబడి ఉన్నాడు, చేతిలో గరిటె, ఒళ్లంతా చెమట. ప్రార్థన జరిగే గదికి ఆయన అంత దగ్గరగా రావడం నేను పుట్టాక చూడలేదు. అవ్వ వైపు చూడలేదు, అయ్యగారినే చూసి అన్నాడు.

“ఆమె అబద్ధం చెప్పలేదు అయ్యగారూ. నేను ఇంగా రాలేదు, అంతే.”

అని గంజి వార్చడానికి వెనక్కి పోయాడు. అంతవరకూ ఎవరు ఎప్పుడు అడిగినా రాను అన్న మనిషి. అయ్యగారు కళ్లు మూసుకున్నారు. ఆ ఇంటి పొయ్యిని, దాని దగ్గర ఉన్నవాళ్లను దీవించమని చిన్న ప్రార్థన చేశారు. భోజనానికి ఆయన రెండోసారి అన్నం పెట్టించుకున్నారు.

ఆ మరుసటి ఆదివారం తాత మందిరానికి వస్తాడని నేను కొత్త గౌను వేసుకుని ఎదురుచూశాను. రాలేదు. క్రిస్మస్‌కూ రాలేదు. ఆ మరుసటి ఏడూ రాలేదు. అవ్వ కూడిక మాత్రం ఆగలేదు. కొళాయి దగ్గర సోమలింగం సామెత చెప్పుకోవడం మానేశారు. కొందరు కూడికకు గుమ్మడికాయో, విస్తరాకుల కట్టో తెచ్చి ఇచ్చి, తమ ఇంటి సంగతి కూడా స్తోత్రంలో కలపమని అవ్వ చెవిలో చెప్పి పోయేవాళ్లు.

నాకు పెళ్లి కుదిరిన ఏడు, పండగా పబ్బమూ కాని ఒక ఆదివారం, మందిరంలో పాట సగంలో ఉండగా తాత వచ్చాడు. చెప్పులు విడిచే చోటికి దగ్గరగా ఆఖరి చాప మీద కూర్చున్నాడు. పాడలేదు. నేను అవ్వను మోచేత్తో పొడిచాను. ఆమె తల తిప్పలేదు. ఇంటికొచ్చాక, చూడకుండా ఎలా ఉండగలిగావని అడిగితే, “కొత్తగా చూసేదానికి ఏముండాది? ఇన్నేండ్లుగా చూస్తానే ఉండాను కదా” అన్నది. ఇప్పుడు నిజమైన కూడిక ఎప్పుడని సంఘంవాళ్లు అడిగారు. దానికి చెప్పాల్సిన స్తోత్రం ఎప్పుడో చెప్పేశానని ఆ ఏడు కూడిక పెట్టనే లేదు.

తాతను కూడా అడిగాను, ఎందుకు వచ్చావని. “మాట తప్పింది దేవుడా నేనా అనేది ఇంగా తేలలేదమ్మా. తేలేదాకా బయట నిలబడాలంటే కాళ్లు నొప్పి పుట్టినాయి” అని నవ్వాడు. గనిలో రాళ్ల కింద చనిపోయిన ఆ స్నేహితుడి పేరు ఆయన ప్రార్థనలో చివరిదాకా ఉండేది.

వాళ్లిద్దరూ పోయి చాలాకాలమైంది. గనులు మూతపడ్డాయి. నేనిప్పుడు బంగారుపేటలో ఉంటున్నాను, డెబ్బై దాటాయి. మా అమ్మ పోయిన రోజున నాకూ తమ్ముడికీ మధ్య ఒక మాట జారింది. ఎవరి నోట ముందు జారిందో ఇప్పుడు చెప్పుకుని లాభం లేదు. అప్పటినుంచి వాడు నాతో మాట్లాడడు. వాడి కోసం ప్రార్థన చేస్తాను. చేస్తూ చేస్తూనే, ఇంక ఈ జన్మకు లేదులే అని లోపల నాకు నేనే చెప్పుకుంటాను. మా అవ్వంత నమ్మకం నాకు రాలేదు. ఊరిని పిలిచి ముందుగా స్తోత్రం చెప్పేంత ధైర్యం నాకు లేదు. తాత గుమ్మంలో నిలబడి అన్న ఆ ఒక్క మాటే నాకు దక్కిన ఆస్తి. పోయిన క్రిస్మస్‌కు తమ్ముడికి ఫోన్ చేశాను. చాలాసేపు మోగింది. వాడు ఎత్తలేదు.

ఇంకా ఎత్తలేదు, అంతే.