జనవరి ఒకటి కాని పుట్టినరోజు

అది అక్టోబరు పదిహేను, మంగళవారం, మధ్యాహ్నం రెండు గంటల ఇరవై నిమిషాలు. పక్కింటి యెమెనీ ఆవిడ తలుపు తట్టి, నా చేతిలో రెండు కాగితాలు పెట్టింది. అవి తిరిగి ఇచ్చేసి ఉంటే బాగుండేది.

మా అమ్మాయి పనిచేసేది కార్ల కంపెనీలో, ఇల్లు అమెరికాలోని డియర్‌బార్న్‌లో. నేనూ తన దగ్గరే ఉంటున్నాను. పక్కింటావిడ పదమూడో ఏడు దాకా హైదరాబాద్‌లో అరబ్బు కుటుంబాలుండే బార్కస్‌లో పెరిగింది కాబట్టి తెలుగు వచ్చు. తరవాత యెమెన్ తీసుకెళ్లి పెళ్లి చేశారు. ఇప్పుడు భర్త లేడు. ఆవిడకు అమెరికా పౌరసత్వం వచ్చింది, నలుగురు పిల్లలూ ఇక్కడికి చేరారు. ఆఖరి అమ్మాయి ఒక్కతే యుద్ధం నుంచి బయటపడి, కైరోలో పిన్ని ఇంట్లో వీసా కోసం చూస్తోంది. ఇంటర్వ్యూ ఆ వచ్చే సోమవారం.

"అమ్మా, మీ రాత మంచిగుంటది. ఇంట్ల ఎవరెప్పుడు పుట్టిన్రో, ఎక్కడున్నరో మొత్తం రాసి పంపుమన్నరు వీసావాళ్లు. ఇంగ్లీషుల జర సాఫ్‌గ రాసియ్యండి."

చూశాను. ఐదుగురు పిల్లలూ జనవరి ఒకటినే పుట్టారు. ఆవిడా అంతే, పోయిన భర్తా అంతే.

"ఏమ్మా, మీ ఇంట్లో అందరికీ కలిపి ఒకే కేకా?"

ఆవిడ పడీపడీ నవ్వింది. "మా ఊర్ల తారీకు ఎవరు రాస్తరమ్మా? పాస్‌పోర్ట్ అప్పుడు సాలు అందాజగ చెప్తం, దినం జనవరి ఒకటి వేస్తరు. సగం యెమెన్ గదే దినం పుట్టింది!"

నేను ముప్పై ఒక్క ఏళ్లు బడిలో పనిచేశాను. తోచిన తేదీ వేసేయండి టీచరుగారూ అని తల్లిదండ్రులు ఎంత బతిమాలినా వేయలేదు. ఏ పండగ ముందు, ఏ తుఫాను తరవాత అని తరచి తరచి అడిగి అసలు తేదీ రాబట్టేదాన్ని. ఆ రోజూ అదే చేశాను. పెద్దపిల్లల సంగతి ఆవిడకు గుర్తులేదు. చిన్నదాని సంగతి మాత్రం బాగా గుర్తుంది. బావగారి కొడుకు పెళ్లయిన ఏడు, బక్రీద్ అయిన నాలుగో రోజు. పెళ్లి కాగితం ఫోన్‌లో ఉంది. పాత కేలండర్ వెతికి లెక్క కట్టాను. మార్చి ఇరవై. పాస్‌పోర్ట్‌లో ఉన్నదానికన్నా తొమ్మిది నెలల పన్నెండు రోజులు పెద్దది.

"ఉండనీ అమ్మా, గట్లనే," అంది ఆవిడ. ఈసారి నవ్వలేదు.

"అడిగితే అబద్ధం చెబుతుందా పిల్ల? కింద వివరంగా రాస్తాను."

"టీచరమ్మ మీరు. మీకు ఎరుకుంటది."

బుధవారం ఆ కాగితం కైరో వెళ్లింది. ఆవిడ కూతురు దాన్ని తన ఫైలుకి జతచేసి వీసా ఆఫీసుకి పంపేసింది. శనివారం మా అమ్మాయి నా దగ్గరున్న నకలు చదివింది. రెండోసారి చదివింది. కుర్చీలో కూర్చుంది.

"అమ్మా, అప్లై చేసిన డేట్ ఎప్పుడు?"

"జూన్ ఒకటి. మూడేళ్ల కిందట."

"పేపర్ మీద అప్పటికి ట్వంటీ ఇయర్స్, ఫైవ్ మంత్స్. నువ్వు రాసినట్టయితే?"

నోటిలెక్కే కట్టాను. ఇరవై ఒక్క ఏళ్ల రెండు నెలల పన్నెండు రోజులు.

"సిటిజన్ పిల్లలకి వెంటనే వీసా ఇచ్చేది అప్లై చేసేనాటికి ట్వంటీ వన్ లోపు అయితేనే అమ్మా. దాటితే వేరే క్యూ. యెమెన్ వాళ్లకి ఆ క్యూ కదలదు. ఎందుకమ్మా నీకు?"

ఇద్దరం పక్కింటికి వెళ్లి చెప్పాం. కాగితం వెనక్కి తీసుకునే దారి లేదు. ఆవిడ మాకు కిషర్ పోసింది. అది కాఫీ గింజల పొట్టు, అల్లం వేసి కాచేది. పోస్తుంటే కప్పు నిండి సాసర్‌లోకి ఒలికింది. ఆదివారం వాళ్ల కిటికీ తెరలు మధ్యాహ్నం దాకా తీయలేదు. లోపల ఎవరో ప్రార్థన చదువుతున్నట్టు గోడ ఇవతలికి వినిపించింది. నేను కూర తరుగుతూ అదే వింటూ ఉన్నాను.

సోమవారం ఉదయం ఎనిమిది గంటల ఐదు నిమిషాలకు ఆవిడే వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"ఆఫీసర్ మీ కాగితమే ముందట పెట్టుకున్నడంట. ఇది నిజమేనా అని ఒక్కటే అడిగిండు. మా బిడ్డ నిజమే అన్నది. వీసా ఇయ్యకుండ పాస్‌పోర్ట్ వాపస్ ఇచ్చిన్రు."

అంతే చెప్పి వాళ్ల ఇంటివైపు తిరిగింది. మళ్లీ మా తలుపు తట్టలేదు.

పోయినవి: ఒక వీసా. మూడేళ్ల నాలుగు నెలల ఇరవై రోజుల ఎదురుచూపు. తల్లీకూతుళ్లు ఒకే ఇంట్లో ఉండాల్సిన ఏళ్లు, ఎన్నో ఇంకా తెలియదు. ఒక పొరుగు.