పోగుకు నాలుగు హద్దులు

లక్ష్మీరాజానికి కోపం వస్తే తప్ప కలం కదలదు. ఇది గిట్టనివాళ్లు పుట్టించిన మాట కాదు. జగిత్యాల రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా ముప్పై ఎనిమిదేళ్లుగా దస్తావేజులు రాస్తున్న మనిషి గురించి, ఆ దస్తావేజుల మీద సంతకాలు పెట్టినవాళ్లంతా ముక్తకంఠంతో చెప్పే సంగతి. ఆయన నవ్వుతూ ఉన్నప్పుడు తారీకు కూడా రాయించలేరు. ముక్కుపుటాలు అదిరాయా, అరగంటలో అమ్మకం కాగితం హద్దులతో సహా తయారు.

అందుకే తెలిసినవాళ్లు ఆయన దగ్గరికి వచ్చేటప్పుడు పాసు పుస్తకం, ఆధార్ కార్డుతో పాటు కోపం తెప్పించే సంగతి ఒకటి వెంట తెచ్చుకుంటారు. మల్లాపూర్ రైతు ఒకాయన కుర్చీలో కూర్చుంటూనే, "సారూ, ఇగ మీ అసుంటి రాసేటోళ్లతోని పనేమున్నది? ఫోన్ల కొడితే కాయితం అదే వస్తదట" అన్నాడు.

"ఫోన్లనా? నీ బర్లు నీళ్లకు పోయే బాట ఏ దిక్కున్నదో చెప్పుమను నీ ఫోన్‌ను!" అని లక్ష్మీరాజం గర్జించి, పేజీ తిప్పి, రాయడం మొదలుపెట్టాడు. పని ముగించుకుని బయటికి వచ్చిన రైతు, వరసలో ఉన్నవాళ్లతో, "ఫోన్ ముచ్చట నేను వాడేసిన, మీరు ఏరేది చూసుకోండ్రి" అని చెప్పి బస్టాండుకు పోయాడు.

ఇలాంటి మనిషి దగ్గరికి తమ్ముడి బిడ్డ దీప ఒక గురువారం కోరుట్ల నుంచి వచ్చింది. ఆమెకు కోరుట్లలో చిన్న కంప్యూటర్ సెంటర్ ఉంది. జనం మూలకు పడేసిన పాత కంప్యూటర్లను పోగుచేసి, మూడేళ్లు కష్టపడి, వాటికోసం ఒక ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసింది. కంప్యూటర్ ఒంట్లోని భాగాలన్నింటి చేతా పని చేయించే మేస్త్రీ అన్నమాట. దానికి పోగు అని పేరు పెట్టింది. తెర మీద మాటలన్నీ తెలుగే. సిరిసిల్లలో కొన్ని షెడ్లవాళ్లు మరమగ్గాల పక్కన పాత కంప్యూటరు పెట్టి, పోగుతోనే డిజైన్లు నడిపిస్తున్నారు. దారం తెగితే మగ్గాన్ని ఆపేదీ అదే.

చిక్కు అక్కడే వచ్చింది. హైదరాబాదు కంపెనీ ఒకటి ఈ సంగతి విని, పోగుకు ఇప్పటిదాకా ఏ కాగితమూ లేదని తెలుసుకుని, "పోగును మాకు అప్పగించండి, మేం చూసుకుంటాం" అని ఇరవై ఆరు పేజీల ఇంగ్లీషు కాగితాన్ని సిరిసిల్ల నేత సొసైటీకి పంపింది. ఆ కాగితం ఒప్పుకుంటే పోగు లోపల రాసి ఉన్న సోర్స్ కోడ్‌కు తాళం పడుతుంది. మగ్గం ఆగిపోతే సిరిసిల్లలో పుట్టిపెరిగినవాడు కూడా విప్పి చూడటానికి వీల్లేదు. సొసైటీ అధ్యక్షుడు ఐలయ్య దీపకు ఫోన్ చేసి, "సోమవారం మీటింగున్నది. నీ షరతులేందో మాకు సమజయ్యేటట్టు తెలుగుల రాయించుక రా. లేకపోతే వాళ్ల కాయితానికే సై అంటం" అన్నాడు.

తెలుగులో షరతులు రాసే మనిషి దీపకు ఒక్కడే తెలుసు.

"పెద్దబాపూ, నా పోగుకు నువ్వే లైసెన్సు రాయాలె" అంది.

"నేనా? కంప్యూటర్ కాయితం నేను రాయాల్నా?" అన్నాడు లక్ష్మీరాజం, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ. ఆ మొహం మీదికి ఒక నవ్వు వచ్చింది. వచ్చిన నవ్వు పోలేదు. మేనల్లుళ్లు, అల్లుళ్లు అంతా ఇంగ్లీషు చదువులు చదివి, పెద్దాయన రాతను పాతకాలపు రాత కింద కట్టేసిన ఇంట్లో, బిడ్డలాంటి పిల్ల వచ్చి అడగడం ఆయనకు పట్టరాని సంతోషమైంది. కలం చేతిలో పట్టుకుని శుక్రవారమంతా నవ్వుతూ కూర్చున్నాడు. కాగితం తెల్లగా అట్లాగే ఉంది.

"నాశనం చేసినవు గదనే బిడ్డా! గింత సంతోషం పెడితే ఆయన ఎట్ల రాస్తడు?" అని పెద్దమ్మ వజ్రమ్మ వంటింట్లో తల పట్టుకుంది. నలభై ఏళ్ల కాపురంలో మొగుడికి ఎప్పుడు ఎంత కోపం కావాలో ఆమె చేతి కొలతే. వెంటనే చాయ్‌లో చక్కెరకు బదులు ఉప్పు వేసి ఇచ్చింది. "ఏందో కొత్తగున్నదే" అని గ్లాసు ఖాళీ చేశాడు. ఆయన ఇంకా చదవని పేపరును పక్కింటివాళ్లకు ఇచ్చేసింది. "పోనీ, వాళ్లకు సదువుకోవాలని ఉండదా?" అన్నాడు. శనివారం ఆయన కుర్చీని ఎండలో పడేసింది. వెళ్లి ఎండలోనే కూర్చున్నాడు.

దీప కూడా ఒక రాయి వేసింది. "పెద్దబాపూ, నీ దస్తావేజుల హద్దులు గిద్దులు మా సాఫ్ట్‌వేర్ల పనికిరావు."

"గట్లనా? నేర్చుకుంట బిడ్డా" అన్నాడాయన వినయంగా. దీపకు ఏడుపు వచ్చినంత పనైంది.

ఆదివారం పొద్దున ఇక ఆశ వదులుకుని, కనీసం నమూనా చూస్తాడని ఆమె ఆ కంపెనీ కాగితం తీసింది. ఒక్కో వాక్యం తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది.

"ఈ సాఫ్ట్‌వేర్‌ను ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నం. ఇది పనికొస్తదో రాదో మాది హామీ లేదు."

"ఆగు. మల్లొక్కపారి సదువు."

మళ్లీ చదివింది. లక్ష్మీరాజం నవ్వు కాస్త పక్కకు జరిగింది. "మా నాయిన ముప్పై ఏండ్లు తాళ్లెక్కిండు. కల్లు పోసి, ఇది కల్లో కాదో నాకు ఎర్కలేదు, తాగితే నీ ఖర్మ అని ఎన్నడన్న అన్నడా? ఇంకేం రాసిండ్రు?"

"ఎవరూ విప్పి చూడొద్దు."

"ఎవల మగ్గం పక్కన ఉన్నది వాళ్లు చూడొద్దా?"

"షరతులు ఎప్పుడన్న మార్చుకునే హక్కు మాకున్నది. మార్చినమని చెప్పాల్సిన పని లేదు."

లక్ష్మీరాజం లేచి నిలబడ్డాడు. "సంతకమైనంక కాయితం మారుతదా? ఒక్క అక్షరం కొట్టేస్తే పక్కపొంటి ఇద్దరితోని సంతకం పెట్టించిన మనిషిని నేను! సాక్షులెవలు దీనికి? సంతకం యాడ పెడ్తరు?"

"సంతకం లేదు పెద్దబాపూ. సాఫ్ట్‌వేర్ వచ్చే డబ్బా మూత తీస్తే ఒప్పుకున్నట్టే."

"మూత తీస్తేనా?"

ముక్కుపుటాలు అదిరాయి. పోయిన కరెంటు తిరిగి వచ్చినప్పటి సంబరంతో వంటింట్లోంచి వజ్రమ్మ, "వచ్చింది, వచ్చింది! కాయితాలు ఇయ్యి బిడ్డా, జెల్ది!" అని కేకేసింది.

ఆయన కోపంలో న్యాయం లేదని ఎవరనగలరు? మనం రోజూ ఫోనులో చదవకుండా నొక్కే ఒప్పుకోళ్లన్నీ ఇలాంటివే కదా. మనకు అలవాటైపోయి కోపం రావడం మానేసింది. ఆయన మొదటిసారి విన్నాడు కాబట్టి రావలసినంతా వచ్చింది.

రాస్తూ రాస్తూ ఒకచోట కలం ఆపి, "హద్దులు చెప్పు" అన్నాడు.

"సాఫ్ట్‌వేర్‌కు హద్దులుండయి పెద్దబాపూ."

"హద్దుల్లేకుంటే రేపు ఎవడో వచ్చి పక్కది కూడా నాదే అంటడు. పోగుకు తూర్పున ఏమున్నది?"

దీపకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కానీ ఆ కళ్లు చూసి, ఆలోచించింది. ఆలోచించేకొద్దీ ముసలాయన అడిగింది తిక్క ప్రశ్న కాదని తెలిసింది. చివరికి కాగితం మీద హద్దులు పడ్డాయి. తూర్పు: కంప్యూటరు, మగ్గం. అవి కొనుక్కున్నవాళ్లవి. పడమర: పోగుతో నేసిన డిజైను. అది నేసినవాళ్లది. ఉత్తరం: పోగు మీద నడిచే ఇతరుల ప్రోగ్రాములు. అవి రాసినవాళ్లవి. దక్షిణం: పోగు అనే పేరు. మార్చినదాన్ని ఎవరూ అసలుదని చెప్పి ఆ పేరుతో ఇవ్వరాదు. పెద్ద పెద్ద లైసెన్సులు పేజీల కొద్దీ తిప్పి తిప్పి చెప్పే సంగతులు నాలుగు దిక్కుల్లో ఇమిడిపోయాయి.

నకలు తీయడం, మార్చడం, దానమివ్వడం, అమ్మడం అంతా ఎవరైనా చేసుకోవచ్చునని దీప చెబితే, ఆయన ఎప్పుడూ రాసే "దాన వినిమయ విక్రయాది సర్వ హక్కులతో" అన్న మాట చక్కగా సరిపోయింది. "కానీ పెద్దబాపూ, తీసుకున్నోళ్లు ఇంకొకరికి ఇచ్చేటప్పుడు తాళమెయ్యొద్దు. కోడ్ తోనే ఇయ్యాలె" అంది.

"గదెంత పని! లోపలి పొలానికి బాట లెక్క. పొలం ఎన్ని చేతులు మారినా బాట బందు పెట్టొద్దు" అని రాసేశాడు. హామీ దగ్గర మాత్రం ఇద్దరికీ గంటసేపు పేచీ అయింది. ఆఖరికి, "తెలిసిన లోపాలు ఈ దిగువ రాసినవి. తెలిసి దాచినది ఏదీ లేదు. తెలియనిది బయటపడితే చెప్పండి, కలిసి బాగుచేసుకుందాం" అని ఒప్పందానికి వచ్చారు.

ఆ వాక్యం ఆయనకే మహా నచ్చింది. పెదవులు విచ్చుకున్నాయి. కలం ఆగిపోయింది.

"మూత తీస్తే ఒప్పుకున్నట్టేనట!" అని వంటింట్లోంచి వజ్రమ్మ గుర్తుచేసింది. కలం మళ్లీ కదిలింది.

సోమవారం పొద్దున పెద్దబాపు, బిడ్డ సిరిసిల్ల బస్సెక్కారు. దారిలో ఆయన అడిగాడు. "అక్కడ పోగును నడిపేటోళ్లెవలు?"

"ఆసాములు. షెడ్లు వాళ్లయే గదా."

"షెడ్లు వాళ్లయే. మగ్గం కాడ నిలబడి నడిపేటోళ్లెవలంటున్న."

"కూలోళ్లు. వాళ్లకు లైసెన్సుతోని ఏం పని పెద్దబాపూ? మీటింగుకు కూడా రారు."

అన్నాక దీప కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. పక్కన ముక్కుపుటాలు అదిరిన సంగతి గమనించలేదు. వేములవాడ వచ్చేదాకా ఆయన ఒళ్లో కాగితం పెట్టుకుని ఏదో రాస్తూనే ఉన్నాడు. సంతకాల పేజీ అనుకుంది.

సొసైటీ హాలు ఐలయ్య షెడ్డు పక్కనే. మగ్గాల చప్పుడు గోడ దాటి వస్తోంది. దాన్ని మించిన గొంతుతో లక్ష్మీరాజం లేచి చదివాడు. హద్దులు చదివినప్పుడు ఆసాములు తలలూపారు. బాట షరతు వినగానే ఇద్దరు ముగ్గురు "బరాబర్" అన్నారు. అప్పుడు వచ్చింది దీప ఎన్నడూ చూడని ఆఖరి షరతు.

"పోగు నడిచే చోట పనిచేసే ఏ మనిషైనా, ఆసామి గానీ కూలి గానీ, లోపల ఏమున్నదో చూపించమని అడిగితే చూపించవలెను. అర్థం కాకపోతే అయ్యేదాకా చెప్పవలెను. చెప్పువారు పక్కన కూర్చుండి చెప్పవలెను."

ప్రపంచంలో ఏ లైసెన్సులోనూ లేని షరతు. దీంతో అంతా బోర్లా పడుతుందనుకుంది దీప. ఐలయ్య అప్పటికే నోరు తెరిచాడు. "కూలోళ్లకెందుకే ఇవన్ని..."

"ఎందుకా?" అని లక్ష్మీరాజం బల్ల మీద చెయ్యి చరిచాడు. "దారం తెగితే ఉరికొచ్చి అతికేది నువ్వా? దినమంతా దాని ముంగట నిలబడేది నువ్వా? చెప్పు, గీ షరతు మీద నీకేమన్న ఉన్నదా? ఎవలికన్న ఉన్నదా?"

ఐలయ్య చుట్టూ చూశాడు. ఆసాములందరూ పైకప్పు కేసి చూస్తున్నారు.

"ఏం లేదన్నా. మంచిగనే ఉన్నది" అన్నాడు ఐలయ్య. కంపెనీవాళ్ల ఇరవై ఆరు పేజీలు బల్ల మీదే ఉండిపోయాయి. అందరూ వరసగా వచ్చి దీప కాగితం మీద సంతకాలు పెట్టారు.

అప్పటికి గుమ్మంలో ఒక ముసలమ్మ నిలబడి ఉంది. సత్యవ్వ, ఐలయ్య షెడ్డులో పనిచేస్తుంది. మగ్గం ఒకటి ఆగిందని చెప్పడానికి వచ్చి, ఆ గొంతు విని అక్కడే ఆగిపోయింది.

"నువ్వు జగిత్యాల రాజమన్నవు గాదు? అప్పుడు కూడ గిట్లనే ఒర్రినవు" అంది.

"ఎప్పుడు?" అన్నాడాయన, ఇంకా కోపంగానే.

"మా ఇంటాయన పోయిన యేడు. అప్పుడు జగిత్యాలల్నే ఉంటుంటిమి. మా మరిది ఇల్లంత రాయించుకుందామని నన్ను నీ కాడికి తోలుకచ్చిండు. చెప్పులు లోపటికి ఎందుకు తెచ్చినవని గంటసేపు వాని మీద ఒర్రినవు. ఒర్రుకుంటనే రెండు అర్రలు నా పేరు మీద రాసినవు. మూడుమాట్ల సదివి ఇనిపిచ్చి, ఏమన్న ఉన్నదా అన్నవు. వానికి ఏం లేదనుడు తప్ప దిక్కు లేకపాయె. గా అర్రలల్లనే నా పిల్లలు పెరిగిండ్రు."

దీప పెద్దబాపు వైపు చూసింది. ముప్పై ఎనిమిదేళ్లుగా ఎదుటివాళ్ల తిక్క మాటల మీద మండిపడుతున్నాడని జగిత్యాల అంతా అనుకున్న మనిషి, మాట చెల్లనివాళ్ల వాటా రాసేటప్పుడు చెల్లేవాడు నోరెత్తకుండా అరుస్తూ వచ్చాడన్నమాట. ఆమెకు ఆయన మీద పట్టరానంత ప్రేమ పుట్టుకొచ్చింది. బస్సులో తానన్న మాటకు సిగ్గు కూడా వేసింది.

"గదేం లేదు. ఆనాడు ఎండలు బాగుండె" అన్నాడు లక్ష్మీరాజం, కాగితాలు అటూ ఇటూ సర్దుతూ.

"సరే తియ్యి. కాయితమైతే అయింది గదా? రా బిడ్డా, పక్కన కూసోని చెప్పు" అని సత్యవ్వ దీప చెయ్యి పట్టుకుంది.

"అవ్వా, నాకు కోరుట్ల బస్సు..."

"కాయితంల బస్సు ముచ్చట లేదు" అంది సత్యవ్వ.

షెడ్డులో రెండు స్టూళ్లు వేశారు. సత్యవ్వ నేరుగా విషయానికి వచ్చింది. "దారం తెగినంక గిది రెండు దెబ్బలు కొట్టి ఆగుతది. గంతల్నే బట్టల మచ్చ పడుతది. దానికి తెల్వనీకి గంతసేపా?"

దీప కోడ్ తెరిచి చూపించింది. "మగ్గం అదిరినా దారం తెగిందని అనుకుంటది అవ్వా. అందుకే జరసేపు ఆగి చూడుమన్న."

"అదిరేది షురూ అయ్యేటప్పుడు గదా? నడుస్తున్నంక యాడ అదురుతది? షురూ అయ్యేటప్పుడే ఆగి చూడుమను, తర్వాత తెగంగనే మగ్గాన్ని ఆపుమను."

మూడేళ్లు రాసింది, ఈ సంగతి దీపకు తట్టలేదు. మూడు వరసలు మార్చింది. మగ్గం నడిపించి, సత్యవ్వ తన చేత్తో దారం తెంపింది. మగ్గం అక్కడికక్కడే ఆగింది. షెడ్డులో ఉన్న ఆడవాళ్లంతా చుట్టూ మూగారు.

బాగుచేసినవాళ్ల పేరు కోడ్‌లో రాయాలన్నది దీప పట్టుబట్టి పెట్టించిన షరతు. కీబోర్డు మీద వేళ్లు పెట్టి, అలవాటు కొద్దీ అడిగింది. "ఇంటాయన పేరేంది అవ్వా?"

"ఇంటాయన పేరెందుకు?" అని వెనకనుంచి లక్ష్మీరాజం ఉరిమాడు. "గీ మూడు వరసలు ఆయన చెప్పిండా? సత్యవ్వ అని రాయి!"

దీప రాసింది. సత్యవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుని, తెర దగ్గరికి వంగి, తన పేరును అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుకుంది. చదివి, కనుబొమలు ముడిచింది.

"గింత సన్నగ కొట్టినవేంది బిడ్డా? నేనేమన్న చిన్న తప్పు పట్టిన్నా?"