మా అబ్బాయి చెప్పిన ఇంగ్లీషు బ్యాండు కథ

మా అబ్బాయి పోయేడండి. అమలాపురం ఆసుపత్రిలో, మధ్యాహ్నం అన్నాల వేళ. నేను క్యారేజీ కడుక్కోడానికి కుళాయి దగ్గరికి వెళ్ళేను. తిరిగొచ్చేసరికి సిస్టరమ్మ మంచం పక్కన నిలబడి నా వంకే చూస్తోంది. చేతిలో తడి గిన్నె అలాగే ఉండిపోయింది.

నాకు రాయడం అలవాటు లేదు. చదివింది ఐదో తరగతి. మా అమ్మాయి, "అన్నయ్య గురించి నువ్వే రాయమ్మా, నేను రాస్తే నీ మాట రాదు" అంది. తోచినట్టు రాస్తున్నాను, మీరే సర్దుకుని చదువుకోండి.

మావాడు ఖతార్‌లో కరెంటు పనికి వెళ్ళేడు. అక్కడ గదిలో కేరళ కుర్రాడొకడు ఎప్పుడూ ఒక ఇంగ్లీషు బ్యాండు పాటలే పెట్టేవాడంట. మొదట్లో మావాడు విసుక్కున్నాడంట, తర్వాత అవి లేకపోతే వీడికే నిద్ర పట్టేది కాదంట. ఇంటికొచ్చేసరికి వాడి దగ్గర మిగిలినవి ఆ పాటలే. రెండు కిడ్నీలూ పాడైపోయేయి. నాది తీసుకోండి బాబూ అన్నాను. షుగరుంది, పనికిరాదన్నారు. కన్నతల్లిది పనికిరాకపోవడమేంటో నాకిప్పటికీ తెలీదు.

రోజు విడిచి రోజు మలికిపురంలో బస్సెక్కి అమలాపురం డయాలసిస్‌కి వెళ్ళేవాళ్ళం. రక్తం గొట్టంలోంచి మిషన్‌లోకి పోయి, కడిగించుకుని మళ్ళీ వాడి చేతిలోకి వచ్చేది. నేను ఆ గొట్టం వంకే చూస్తూ కూర్చునేదాన్ని. ఒకరోజు, "అటు చూడకమ్మా. నా వంక చూడు, నీకో కథ చెబుతాను" అన్నాడు. చిన్నప్పుడు అన్నం పెడుతూ వాడికి నేను చెప్పేదాన్ని. ఇప్పుడు వాడు చెబుతుంటే నేను ఊ కొట్టేను.

ఇంగ్లండులో సముద్రం పక్కన చిన్న ఊరంట. ఇద్దరబ్బాయిలు, ఒకమ్మాయి. ఆ అమ్మాయి బస్సు డిపోలో టిక్కెట్లు అమ్మేది. ఒకబ్బాయి వాళ్ళ నాన్న రేడియోలు బాగుచేసేవాడు. ఆ కొట్టు వెనక గదిలో పాత మిషన్లన్నీ విప్పి, బిగించి, వాటితోనే పాటలు కట్టేరంట. డ్రమ్ములు కొట్టే మనిషి కూడా లేడు, అదీ మిషనే.

"అదేం పాట్రా, మనిషి కొట్టకపోతే తాళమెలా వస్తుంది?" అన్నాను.

"ఎందుకు రాదమ్మా? నా పక్కన కొడుతోంది వినపడట్లేదా?" అన్నాడు.

నిజమే, ఆ మిషను టకటకా అంటూనే ఉంది. నవ్వేను. తర్వాత, ఎలా నవ్వగలిగేనా అనుకున్నాను.

ఒక పాట నా చెవిలో పెట్టి వినిపించేడు. రైసు మిల్లు ఆడుతుంటే పక్కింట్లో ఎవరో అమ్మాయి జోల పాడినట్టుంది. అదే చెప్పేను. "అమ్మా, పేపర్ల వాళ్ళెవరూ ఇంత బాగా రాయలేదే" అన్నాడు.

రోజుకి కొంచెమే చెప్పేవాడు. మొదటి పాట రేడియోలో వచ్చేక ఒక ముసలాయన టిక్కెట్ల కిటికీ ముందు నిలబడి అదే పాట కూనిరాగం తీస్తుంటే, ఆ అమ్మాయి చిల్లర ఇవ్వడం మర్చిపోయిందంట. తర్వాత పేరొచ్చింది, దేశాలు తిరిగేరు. మిషన్లు ఆపేస్తే వీళ్ళకేం రాదని గిట్టనివాళ్ళు రాసేరంట. ఒకసారి పెద్ద హాల్లో నిజంగానే కరెంటు పోయింది. అబ్బాయిలిద్దరూ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక నిలబడిపోతే, ఆ అమ్మాయి ముందుకొచ్చి ఉత్త నోటితో పాడిందంట. అంత జనమూ దగ్గు కూడా ఆపుకుని విన్నారంట.

ఈ కథ విన్నవాళ్ళు ఇంకొకరున్నారు. పక్క మంచం మీద డయాలసిస్ చేయించుకునే పెద్దాయన, నేను అన్నయ్య గారు అంటాను. ఉప్పలగుప్తం దగ్గర రొయ్యల చెరువుల మీద కాపలా ఉండేవారు. ఆయన చేరేటప్పటికే కథ సగమైంది. ఒకరోజు మాకూ కరెంటు పోయింది. జనరేటరు అందుకునే లోపల రక్తం ఆగిపోకుండా సిస్టరమ్మ మిషను పంపుని చేత్తో తిప్పుతోంది. నేను లేచి వాడి మంచం పట్టుకున్నాను.

"ఏమయ్యా, నీ కథలో పిల్లని పిలవ్వా?" అన్నారాయన.

"ఆవిడ రాలేదు గానీ, మీరే పాటందుకోండి బాబాయ్ గారూ."

"నేనందుకుంటే ఉన్న సిస్టరమ్మ కూడా పారిపోద్ది."

సిస్టరమ్మ నవ్వుతూనే తిప్పింది. అందరూ నవ్వేరు. వాడు మాత్రం నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

మా ఇల్లు కొబ్బరి తోటలో. మా వైపు ఒంట్లో బాలేదంటే ముందు బొండం కొడతారు. వాడికది విషమన్నారు డాక్టరు గారు, మంచినీళ్ళు కూడా కొలిచి ఇమ్మన్నారు. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళూ బొండాలే తెచ్చేవారు. వద్దంటే నొచ్చుకుంటారు. "అక్కడ పెట్టండి పిన్నిగారూ, సాయంత్రం తాగుతాను" అనేవాడు. వాళ్ళు వెళ్ళేక, "నువ్వు తాగమ్మా. నువ్వు తాగుతుంటే వింటే నా దాహం తగ్గుద్ది" అనేవాడు. అబద్ధమని తెలుసు. అయినా తాగేదాన్ని. వాడు కళ్ళు మూసుకుని వినేవాడు. ఇంకేం చెయ్యగలను నేను?

జబ్బు వాడిది, ఊరడించింది నన్ను. అన్నిన్ని గంటలు ఆ గొట్టం వంక చూడనివ్వకుండా కాచేడు. ఆ రుణం ఏ జన్మకీ తీరదు.

చివరికి బ్యాండు వాళ్ళకి ఒకరికొకరికి పడలేదంట. పాటలు అమ్ముడవలేదు, తప్పు నీదంటే నీదనుకున్నారు. ఆ అమ్మాయి పెట్టె సర్దుకుని రైల్వే స్టేషనుకి వచ్చేసింది. అక్కడికి ఆపేడు.

"వెళ్ళిపోయిందేంట్రా? మళ్ళీ కలవలేదా?"

"అంత తొందరైతే ఎలాగమ్మా? మళ్ళీ చెబుతాను" అన్నాడు. నేను క్యారేజీ తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్ళేను.

దినాలయ్యేక మా అమ్మాయి, "ఎందుకు బెంగ పెట్టుకుంటావు, మిగతాది ఫోన్లో చూసి చెప్పేస్తాను" అంది. వద్దన్నాను. వేరేవాళ్ళ నోట అయిపోతే, ఇంక వాడు నాకు చెప్పాల్సింది ఏమీ ఉండదు. అది అప్పటికే చూసేసినట్టే ఉంది, దాని మొహం చూస్తే తెలుస్తోంది. నేను అడగను.

వాడి దుప్పటి, ఫ్లాస్కు ఆసుపత్రిలో ఉండిపోయేయని సిస్టరమ్మ ఫోను చేస్తే వెళ్ళేను. వాడి మంచం మీద ఇంకెవరో ఉన్నారు. అన్నయ్య గారు నన్ను చూసి పక్కన స్టూలు చూపించేరు. తర్వాత, "చెల్లెమ్మ గారూ, అడగొచ్చో లేదో. ఆ కథ నేను మధ్యలో అందుకున్నాను. మొదట్నించి చెబుతారా?" అన్నారు. ఆయన్ని కొడుకు పొద్దున్నే దింపి పనికి పోతాడు. పక్కన కూర్చునేవాళ్ళు లేరు.

కూర్చున్నాను. అప్పట్నించి వెళ్తూనే ఉన్నాను. "అక్కడికి మళ్ళీ ఎందుకమ్మా" అంటుంది మా అమ్మాయి. నేను వినిపించుకోకుండా బస్సెక్కేస్తాను. కొట్టు వెనక గది, ముసలాయన చిల్లర, చీకటి హాలు, అన్నీ ఆయనకి చెప్పేను. వాడిలాగే కొంచెం కొంచెంగా. ఎంత మెల్లగా చెప్పినా కథ ముందుకే పోతుంది కదండీ.

నిన్న ఆ అమ్మాయి స్టేషనుకి వచ్చేసింది. అక్కణ్ణించి నాకు తెలీదు. అన్నయ్య గారు కళ్ళు మూసుకుని ఎదురుచూస్తున్నారు.

"బండి ఇంకా రాలేదండి" అన్నాను.

"వాన వల్లా?"

"వానేనండి."

"ఆయ్. అయితే కూర్చోనివ్వండి పాపం" అన్నారు.

ఆ అమ్మాయిని బల్ల మీద కూర్చోబెట్టేను, తడిసిన పెట్టె ఒళ్ళో పెట్టుకుని.