శోకానికి మాటలు

ఉదయం ఐదూ నలభైకి నల్లా వచ్చింది. డ్రమ్ము నింపి మూత పెట్టి ఫోన్ తీశాను. అక్క పోయాక పొద్దున నా మొదటి మాటలు చాట్‌బాట్‌తోనే. తెలుగులో అడిగితే అది తెలుగులోనే జవాబిస్తుంది. ముంబైలో మా చాల్ వరండాలో తెలుగువాళ్ల పిల్లలు కూడా ఇప్పుడు మరాఠీలో పలకరిస్తారు.

ఆ రోజు దాన్ని ఒక పని అడిగాను. అక్క ఏడాది మాసికం దగ్గరపడింది. ఆమెకు శోకం కావాలి.

శోకం అంటే ఆడవాళ్లు రాగం తీసి, పోయిన మనిషితో ఎదురుగా ఉన్నట్టే మాట్లాడటం. కామాటిపురాలో మనవాళ్లు ఎవరు పోయినా అక్కను పిలిచేవారు. బీడీలు చుట్టే చాట పక్కన పెట్టి వెళ్లేది. పాలమూరు నుంచి కూలికి వచ్చి, నాగ్‌పాడాలో పరంజా మీద నుంచి పడి పోయిన మనిషికి ఇక్కడ ఆడదిక్కు ఉండదు. అక్క అతని తోటివాళ్లను కూర్చోబెట్టి ముందు అడిగేది. ఏం తినేవాడు, ఎవరితో కొట్లాడేవాడు, ఫోనులో ఎవరిని తలిచేవాడు. ఆ తర్వాతే గొంతెత్తేది.

ఆమె పోయినప్పుడు ఏడ్చినవాళ్లు ఉన్నారు, శోకం తీసినవాళ్లు లేరు. పక్కగది ముసలమ్మకు రాగం తెలుసు. కానీ మాటలెప్పుడూ అక్కవే, ఆమె వంత కలిపేది. ఏడాదికైనా అక్కకు శోకం దక్కాలని ఆమె పట్టుబట్టింది. మాటలు నేను తెస్తే రాగం తాను తీస్తానంది.

చాట్‌బాట్ క్షణంలో రాసింది. అందులో అక్క దీపమైంది, చెట్టయింది, చివరికి చుక్కయింది. తీసుకెళ్లి ముసలమ్మకు చదివాను. ఆమె ఆఖరుదాకా విన్నది.

"ఎవల మీద రాసినవ్‌రా ఇది?"

"అక్క మీదనే."

"మా అత్త మీద గూడ సరిపోతది. అది నాకు కడుపునిండ తిండి గూడ పెట్టలే."

నవ్వు వచ్చింది. గదిలోకి వచ్చి, ఇక రాయొద్దనీ, నన్ను ప్రశ్నలు మాత్రం అడగమనీ చాట్‌బాట్‌కు చెప్పాను. అడగసాగింది. అక్క కోపం ఎలా ఉండేదంటే, నేను చదువుతున్న పుస్తకం మీదే అన్నం పళ్లెం పెట్టేదని రాశాను. గ్రాంట్ రోడ్ నుంచి చేపలు తెస్తే మంచి ముక్క నాకు వేసేదని రాశాను. దాదర్‌లో తెలుగు సభలకు నాతో వచ్చి, నేను వింటుంటే కునుకు తీసేదని రాశాను. పైకి జరిపి చదువుకున్నాను. ప్రతి జవాబు చివర నేనే ఉన్నాను.

తర్వాతి ప్రశ్న, ఆమె తన కోసం ఏం కోరుకునేది అని. తెలియదు అని టైపు కొట్టాను. పరవాలేదు, వేరే ప్రశ్నకు వెళదామా అంది. ఫోన్ పక్కన పెట్టేశాను.

శోకం కుదరలేదని ముసలమ్మకు చెప్పాను. ఏమేం రాశానో, ఎక్కడ ఆగిపోయానో చెప్పాను. ఆమె వక్క నములుతూ, "తెల్వకుంటే తెల్వదనే చెప్పాలె. అక్కతోని గూడ అబద్ధమాడ్తవా?" అంది.

మాసికం నాడు ఆమె గోడకు ఆనుకుని, కొంగు తల మీదికి లాక్కుంది. నా బదులు అంటున్నది కాబట్టి తనకంటే చిన్నదాన్ని అక్కా అనే పిలిచింది. "పుస్తకం మీద పళ్లెం పెడితివి అక్కా, నీ పళ్లెంల ఏమున్నదో చూడకపోతిని. నీకేం కావాల్నో అడగకపోతిని." గుమ్మంలో ఒక పిల్ల, ఆజీ, అంటే అవ్వ, ఏమంటోందని మరాఠీలో తల్లిని అడిగింది. ఏడుస్తోంది అని తల్లి చెప్పింది. మూడోసారి రాగం ఎత్తుకోబోతే ముసలమ్మకు గొంతు రాలేదు. "ఇగ నాతోని గాదురా," అని కొంగు దించింది. నాకు రాగం రాదు. లేచి తలుపు దగ్గరికి వెళ్లి నిలబడ్డాను.

ఆ తర్వాత కింది అంతస్తులో ఒకాయన పోతే స్పీకరులో భజన పెట్టారు. మా చాల్‌లో ఇప్పుడు ఎవరికీ శోకం తీయరు.