చారలోడికి అమ్మవారు పోసిన ఆషాఢం

2023వ సంవత్సరం, ఆషాఢ మాసం. పాతబస్తీ అంతా బోనాల సందడి. ఛత్రినాకలో నాకొక చిన్న అక్వేరియం దుకాణం ఉంది. చేపలు అమ్మడం కన్నా ఇళ్లకు వెళ్లి ట్యాంకులు చూసుకోవడమే నా అసలు పని. పాతికేళ్లుగా అదే పని కాబట్టి చెప్పుకోవడానికి సంగతులు చాలానే పోగయ్యాయి. యజమాని స్కూటర్ చప్పుడు గుర్తుపట్టి గేటు వైపు తిరిగే పఫర్ చేప గురించి అడిగితే ఒక సాయంత్రమంతా చెప్పగలను. అందులో సగం నిజం. ఈ సంగతిలో మాత్రం నేను ఆడిన అబద్ధం ఒక్కటే, అది కూడా ఆ ఇంట్లోనే ఆడేశాను. మీకోసం ఏమీ మిగల్చలేదు.

సుదర్శన్ సేట్‌కు లాడ్ బజార్‌లో గాజుల హోల్‌సేల్ దుకాణం, గౌలిపురలో ఇల్లు. ముందు గదిలో ఒక గోడంతా ఆక్రమించిన ఎనిమిదడుగుల మెరైన్ ట్యాంకు, అంటే ఉప్పునీటి ట్యాంకు. మంచినీటి చేపలు మన ఇంట్లో మనలా సర్దుకుపోతాయి. ఉప్పునీటి చేపలు అలా కాదు, కొత్తల్లుడి లెక్క. ఉప్పు కాస్త అటూ ఇటూ అయినా అలుగుతాయి. ఆ ట్యాంకులో రాళ్ల మీద పెరిగే కోరల్స్ ఉన్నాయి, ఎర్ర రొయ్యలు ఉన్నాయి, పది పన్నెండు చేపలున్నాయి. అన్నిటికీ పెద్ద ఎంపరర్ ఏంజెల్ అనే చేప. నీలం ఒంటి మీద పసుపు చారలు. సేట్ తల్లి ఈశ్వరమ్మ దాన్ని చారలోడు అనేది.

ఆమెకు డెబ్బై దాటాయి. చేయి పొడవునా గాజులు, ముఖం నిండా చిన్నప్పటి మశూచి మచ్చలు. పొద్దున్నే స్టూలు వేసుకుని కూర్చుని, నోరి అనే ఎండు నాచు రేకును వేళ్ల మధ్య పట్టుకుని నీళ్లలో పెట్టేది. చారలోడు వచ్చి లాక్కుని తినేవాడు. ఇంట్లో ఇంకెవరు పెట్టినా ముట్టేవాడు కాదు. ఆ సంగతి ఆమె వచ్చిన చుట్టాలందరికీ చెప్పేది.

ఒకరోజు సేట్ ఫోన్ చేశాడు. "అన్నా, జల్ది రా. చేపల మీద ఉప్పు చల్లినట్టయింది."

వెళ్లేసరికి ట్యాంకు రెండు మూలలా వేపమండలు కట్టి ఉన్నాయి. ముందర గిన్నెలో పెరుగన్నం. చేపల ఒళ్లంతా తెల్లటి పొక్కులు. చారలోడు రాయికి ఒళ్లు రుద్దుకుంటున్నాడు. మూలన కొత్త నీలం టాంగ్ చేప ఒకటి రొప్పుతోంది.

"ఇదెప్పుడొచ్చింది సేట్?"

"బోనాలకు చుట్టాలొస్తరని మొన్ననే తెచ్చిన. వేరే దుకాణంల దొరికింది."

"తెచ్చి?"

"తెచ్చి ఏంది? ట్యాంకుల ఏసిన. జేబుల పెట్టుకుంటనా?"

అక్కడే జరిగింది తప్పు. కొత్త చేపను కొన్ని వారాలు వేరే తొట్టిలో ఉంచి, రోగం లేదని తేలాకే పెద్ద ట్యాంకులో వదలాలి. దాన్ని క్వారంటైన్ అంటారు. కరోనా పుణ్యమా అని ఆ మాట ఇప్పుడు ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. ఆ టాంగ్ తనతోపాటు మెరైన్ ఇక్ అనే రోగాన్ని మోసుకొచ్చింది. కంటికి ఆనని ఒక పరాన్నజీవి చేప చర్మంలో దూరి తింటూ ఉంటుంది. మనకు కనిపించే పొక్కు అదే.

నేను నోరు తెరిచేలోపే ఈశ్వరమ్మ అంది: "మందు గిందు ఏం వద్దు బిడ్డా. అమ్మవారు పోసింది. ఆమెనే వచ్చింది, ఆమెనే పోతది."

సేట్ నా చెవి దగ్గరికి వచ్చాడు. "అన్నా, చేపలకు అమ్మవారని ఇంట్ల పోపు బంద్ చేసింది. కూర బంద్. బోనాల నెల, యాట కూర వాసన గల్లీ అంతా వస్తుంటే నేను ఉత్త పప్పు తింటున్న. ఏదన్న చెయ్యి."

"చేస్తే చేపలన్నీ బయటికి తియ్యాలి సేట్."

"గంత లొల్లి ఎందుకు? ఒక్క సీసా మందు పోస్తే అయిపాయె గదా?"

"పోస్తే ముందు కోరల్స్ పోతయ్, తర్వాత రొయ్యలు పోతయ్."

ఆ రోజు ఆమె ఒప్పుకోలేదు. నేను వచ్చేశాను. కొన్ని రోజులకు సేట్ మళ్లీ ఫోన్. గొంతులో పండగ. "అన్నా, ఫికర్ లేదు. మొత్తం సాఫ్. ఒక్క పొక్కు లేదు. మా అమ్మ శాంతి చేసింది, తగ్గింది."

నాకు మాత్రం గుబులు పట్టుకుంది. ఈ రోగం చేసే మోసమే అది. కడుపు నిండిన పురుగు చేపను వదిలి రాలిపోతుంది. చూసేవాళ్లకు తగ్గినట్టు ఉంటుంది. నిజానికి అది ఇసుకలో, రాళ్ల మీద గుడ్డులాంటి గూడు కట్టుకుని, లోపల ఒకటి వందలవుతుంది. గూడు పగిలాక ఆ వందలూ చేపల కోసం ఈదుతూ వస్తాయి. అప్పుడు చేపకు తప్పించుకునే చోటు ఉండదు. అదే సముద్రంలో అయితే ఈదుకుంటూ దూరం పోతుంది. ఎనిమిదడుగుల గాజుపెట్టెలో ఎక్కడికి పోతుంది?

నేను భయపడినట్టే జరిగింది. ఈసారి చేపలు పిండిలో దొర్లినట్టు అయ్యాయి. కొత్త టాంగ్ చచ్చిపోయింది. చారలోడు నోరి ముట్టడం మానేశాడు. నేను బకెట్లు, వలలు, ఆటో అన్నీ సిద్ధం చేసుకుని వెళ్లాను. చేపల్ని నా దుకాణంలోని హాస్పిటల్ ట్యాంకుకు తీసుకుపోవాలని అనుకున్నాను. రాళ్లు, కోరల్స్ లేని ఉత్త తొట్టి అది. అందులోనైతే ధైర్యంగా మందు వేయొచ్చు. మా వృత్తిలో అందరూ చేసేది అదే.

ఈశ్వరమ్మ స్టూలు తెచ్చుకుని ట్యాంకుకు అడ్డంగా కూర్చుంది.

"ఏడికి తీస్కపోతవ్?"

అప్పుడే ఆడాను ఆ అబద్ధం. "అవ్వా, మా దుకాణంల చేపలకు పెద్ద దవాఖాన ఉంది. ఏసీ గది. ఒక్కో చేపకు ఒక్కో నర్సు."

"అట్లనా? నా చారలోడికి ఏ నర్సు?"

"మేరీ అని, మస్తు మంచిది."

"గా మేరీకి వీడు నోరి ఏ పక్క నుంచి తింటడో ఎర్కనా?"

సేట్ నవ్వు ఆపుకోలేక గోడ వైపు తిరిగాడు. ఆమె నవ్వలేదు.

"నాకు ఏడేండ్లు బిడ్డా, పెద్దమ్మవారు పోసినప్పుడు. ఊరి బయట దవాఖాన ఉండె. మంచిగ చూస్తరు, మిఠాయి పెడ్తరు అని చెప్పి బండిల ఎక్కిచ్చిండ్రు. నాకు తెలిసిన మొఖం ఒక్కటి లేదాడ. మందు ఇచ్చిండ్రో లేదో యాది లేదు. ఎవ్వరూ లేకుండె అన్నది యాదుంది." వెనక్కి తిరిగి చారలోడిని చూసింది. "అమ్మవారు పోస్తే వేరే గదిల పెట్టాలె. అది నాకు ఎర్కే. కానీ గది బయటనన్న ఇంటోళ్లు ఉండాలె."

ఈసారి ఆమె అడ్డం కూర్చున్నది మందుకు కాదని నాకు అప్పుడు తెలిసింది. బండికి.

"అవ్వా," అన్నాను, "నీ గదిల మంచం పక్కన జాగ ఉందా?"

"ఉంది."

"తొట్టి ఆడనే పెడత. కానీ ఒక మాట. మందు రాగి. తక్కువైతే పురుగు చావదు, ఎక్కువైతే చేప చస్తది. అన్నీ బతుకుతయని నేను చెప్పలేను. చారలోడి జాతికి రాగి అంతగా పడదు."

ఆమె లేచి స్టూలు పక్కకు జరిపింది. "ఇప్పుడు నిజం చెప్తున్నవ్. పట్టు చేపలను."

పట్టడం అన్నంత సులువు కాదు. రాళ్లన్నీ ఒక్కొక్కటిగా తీసి, నీళ్లు సగానికి దించి, మోచేతుల దాకా ఉప్పునీళ్లలో మునిగి ఒక పూటంతా పట్టాను. ఆమె గదిలో పెద్ద తొట్టి అమర్చాను. చేపలు దాక్కోవడానికి పీవీసీ పైపు ముక్కలు వేశాను. రాగిని ఒక్కసారిగా కాకుండా రోజుకు కొంచెం పెంచాను. నీళ్లు తీసి టెస్ట్ కిట్‌లో చుక్కలు వేస్తే వచ్చే రంగును కార్డు మీది రంగుతో పోల్చి చూడాలి. రెండో రోజు నుంచి ఆ పని ఆమే చేసింది. నాకు ఫోన్ చేసి, "ఇయ్యాల రంగు జర పల్చగుంది, ఎందుకు?" అని నిలదీసేది.

చారలోడు మాత్రం పైపులోంచి బయటికి రాలేదు. తిండి లేదు. డొక్కలు లోపలికి పోయాయి. నేను నీళ్లు మార్చి, రాగి కాస్త తగ్గించి చూశాను. ఇంకేం చేయాలో తోచక దుకాణంలో కూర్చుని ఉంటే ఆమె ఫోన్ వచ్చింది. "తిన్నడు."

పరిగెత్తుకు వెళ్లాను. తొట్టి చుట్టూ పాత నూలు చీర కప్పి ఉంది. గదిలో ట్యూబులైటు ఆర్పేసి ఉంది.

"ఒళ్లు మండేటోనికి కండ్లల్ల లైటు కొడితే ఏం తింటడు?" అంది. "అమ్మవారు పోసినోళ్ల గది చీకటిగుండాలె."

ఒత్తిడిలో ఉన్న చేపకు వెలుతురు తగ్గించాలని నాకు తెలియక కాదు. రాగి లెక్కలో పడి మరిచిపోయాను.

ఇక పెద్ద ట్యాంకు సంగతి. చేపలు లేకుండా దాన్ని రెండు నెలలకు పైగా ఖాళీగా ఉంచాలి. పొలాన్ని బీడు పెట్టినట్టే. గూళ్లలోంచి వచ్చిన పురుగులకు తినడానికి చేప దొరక్క అవే పోతాయి. ఖర్చులేని వైద్యం. కానీ ఖాళీ ట్యాంకును చూస్తూ కూర్చోవడం జనానికి చేతకాదు. నేను చూసినంతలో ఈ రోగం తిరగబెట్టేది అక్కడే. ఎవరో ఒకరు ఆగలేక ఒక్క చేపను వదిలేస్తారు, పురుగు మళ్లీ మొదలవుతుంది. సేట్ కూడా ఆగలేకపోయాడు.

"అన్నా, చుట్టాలు వచ్చి దుకాణం దివాలా తీసిందా అంటున్నరు. రెండే రెండు చిన్న చేపలు..."

లోపలి గది నుంచి గొంతు వినిపించింది. "అమ్మవారు ఉన్న ఇంట్లకు కొత్తోళ్లను తెస్తార్రా? బుద్ధుందా నీకు?"

నేను పాతికేళ్లుగా చెప్పి ఒప్పించలేని మాటను ఆమె ఒక్క కేకతో తేల్చేసింది.

రెండు చేపలు పోయాయి. మిగిలినవి నిలబడ్డాయి. ట్యాంకు గడువు ముగిశాక, బకెట్లో రెండు నీళ్లనూ నెమ్మదిగా కలిపి అలవాటు చేసి, రాగి నీళ్లు ట్యాంకులో పడకుండా చేపల్ని తిరిగి వదిలాం. చిన్నవి వెంటనే తమ పాత రాళ్లు వెతుక్కున్నాయి. ఈశ్వరమ్మ స్టూలు మీద కూర్చుని నోరి పట్టుకుంది. చారలోడు ఆమె వైపు రాలేదు. అన్ని రోజులూ పక్కనే ఉన్న ఆ చేతిని వదిలేసి, ట్యాంకు ఆ చివరకు పోయి రాళ్ల వెనక దూరాడు.

నాకే మనసు చివుక్కుమంది. "కొత్తకు గట్లనే ఉంటది అవ్వా, రేపటికల్లా వస్తడు," అన్నాను. అలవాటైన నోరు, ఏదో ఒకటి అల్లేస్తుంది.

ఆమె చేయి తీయలేదు. "దవాఖాన నుంచి వచ్చినంక నేను గూడ మా అమ్మ దగ్గరికి పోలే బిడ్డా. మస్తు దినాలు పోలే. ఆమె ఏం అనలే. కూసుంది." నోరి రేకు నీళ్లలో మెత్తబడి అంచులు విడిపోతోంది. "వాని ఇష్టం. రానియ్యి."

ఎప్పుడు వచ్చాడో నేను చూడలేదు. వచ్చాడని మాత్రం తర్వాత విన్నాను.

ఈ సంఘటన తర్వాత నేను చేపల్ని దుకాణానికి తీసుకుపోవడం మానేశాను. వీలున్నంతవరకు హాస్పిటల్ ట్యాంకును వాళ్ల ఇంట్లోనే పెడతాను. రాగి గురించి, ఉప్పు గురించి చెప్పాల్సినవి తర్వాత చెబుతాను. దీని పక్కన ఎవరు కూర్చుంటారని ముందు అడుగుతాను. ఎవరూ లేరంటే, ఒక కుర్చీ తెప్పించుకుని వీలైనంతసేపు నేనే కూర్చుంటాను.